చేప బుగ్గ తిన్న నేరం

చక్రవర్తి దిగిపోయి రిపబ్లిక్ వచ్చాక మా పడమటి నది మీద సక్రమంగా నడిచిన ఆఫీసు ఒక్కటే: మక్ హోయ్ గారి దొంగల ముఠా. వాళ్ల జెండా కొన్న పడవని ఆపరు, కొనని పడవని వదలరు. లంచం అడగరు (ఆఫీసు పెట్టిందే అందుకు గనక విడిగా అవసరం పడలేదు).

ఆ ఏడు మా పడవ జెండాని ఎలకలు కొరికేశాయి. చిరిగిన జెండా చెల్లదని రూలు. ప్రయాణికులందర్నీ, మా వంటవాడు లో స్యూతో సహా, ఒక లంకలో దింపారు. స్యూ మా చెల్లెలు కమ్ మొగుడు. చుక్కాని పట్టే నన్ను మాత్రం వదిలేస్తామన్నారు. ఇళ్లకి కబురు మొయ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఎవరు ఉన్నవాళ్లో, ఎవరు లేనివాళ్లో తేల్చడానికి అక్కడ పరీక్ష పెడతారు. పరీక్షాధికారి యిప్ గారు చక్రవర్తి కాలంలో సర్కారు పరీక్షలు రాసి రాసి తప్పినవారు. ఆ పరీక్షలే రద్దయ్యాక ఇక్కడ కుదురుకున్నారు. ప్రశ్న ఒక్కటే, మనిషికో ఉడికించిన చేప. ఆకలి ఎరిగినవాడు వీపు మీది మందపాటి కండ లాగి అన్నంతో కుక్కుకుంటాడు. వాణ్ణి ఇంటికి పంపేస్తారు. కలిగినవాడు తినే పుల్లలతో నాజూగ్గా బుగ్గ కండ తీస్తాడు. వాణ్ణి ఇంటినుంచి సొమ్ము వచ్చేదాకా ఉంచుకుంటారు.

ప్రయాణికుల్లో పట్టు వ్యాపారి చోయ్, ఇంటిదగ్గరే సాధన చేసొచ్చినట్టున్నాడు. వీపు కండే కుక్కుకున్నాడు. ఆ ఊపులో, ఒకవైపు అయిపోగానే చేపని తిరగేశాడు.

పడవ మీద బతికేవాడెవడూ చేపని తిరగెయ్యడు. పడవ తిరగబడుతుంది. తుపాకులున్న ముఠా అంతా హడలిపోయి లేచి నిలబడింది. ఇంత అపశకునపు మనిషి లంకలో ఉండకూడదని చోయ్‌ని అప్పటికప్పుడు, ఉన్నవాటిలో పాత పడవ చూసి, సాగనంపారు.

తర్వాత స్యూ వంతు. చేప ఉడికిందో లేదో బుగ్గ గిల్లి చూడటం వంటవాడి అలవాటు. గిల్లాడు. నోట్లో వేసుకున్నాడు. "ఇంకాస్త అల్లం పడాల్సింది" అన్నాడు.

యిప్ గారు సంతృప్తిగా తల పంకించి, స్యూని ఉన్నవాళ్ల వైపు కూర్చోబెట్టారు.

కబురు మోసి, కమ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను.

"అయ్యా, మా ఆయన లాగుకి ఎన్ని అతుకులో చూడండి."

"ఈ రోజుల్లో ఉన్నవాళ్లే అతుకులేసుకొస్తున్నారమ్మా."

"ఉన్నవాడైతే నాలాంటిదాన్ని చేసుకుంటాడా?"

యిప్ గారు ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, ఆ మాటలో న్యాయముందని ఒప్పుకున్నారు. "కానీ చేప అబద్ధం చెప్పదు కదమ్మా" అన్నారు. వెనకనుంచి స్యూ మొహం చిట్లించి, "బావా, వీళ్ల వంటవాడికి గంజి వార్చడం కూడా రాదు" అన్నాడు.

చలికాలానికి ప్రభుత్వం మక్ హోయ్‌ని క్షమించి, నదీ రక్షణ దళానికి కమాండర్ని చేసింది. అవే పడవలు, అవే తుపాకులు, టోపీలు కొత్తవి. సర్కారు దళంలో బందీలుంటే బాగుండదని స్యూని వదిలేశారు. మేం టపాకాయలు కాల్చాం.

మర్నాడే యిప్ గారు కొత్త టోపీతో గుమ్మంలోకి వచ్చారు. స్యూ కలిగినవాడని ఇదివరకే తేలింది గనక మళ్లీ పరీక్ష పెట్టి ఇబ్బంది పెట్టబోమనీ, నదీ రక్షణకి ఏటా చందా ఇచ్చే పెద్దమనుషుల్లో కలిపేశామనీ అభినందించారు. మొర ఎవరితో పెట్టుకోవాలని కమ్ అడిగింది. కమాండర్ గారితోనే అన్నారు.

ఇప్పుడు చేప వండిన రోజు తలుపు గడియ పెట్టుకుని తింటున్నాం. దొంగలున్న రోజుల్లో తీసే ఉండేది.