తడి ఇసుక రంగు గోడ

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు వెల్ల మేస్త్రీ దండాసి. ఇద్దరం ఒక సత్రానికి సున్నం కొడుతుండగా చెప్పాడు. లైబ్రరీ గుమాస్తా సన్యాసిరాజు దీన్ని ఇంకోలా చెబుతాడు. ఏనుగుకు అంతా ముందే తెలుసంటాడు. వాడి మాట నమ్మకండి. వాడి వసారాకు నేను రంగు వేస్తే అందులో చార ఉందన్నాడు. ఇరవై రెండేళ్ళయింది. చార లేదు.

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒకటే స్నానాల గది ఉండేది. నాలుగు గోడలు, మధ్యలో తొట్టి. వేసవిలో వాగు ఎండితే అందరికీ అదే దిక్కు. అందులో వేట నిషేధమని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: కళ్ళతో చూసిన సాక్షి లేనిదే ఫిర్యాదు తీసుకోబడదు.

అడవి సంఘానికి అధ్యక్షుడు సింహం. వయసు మీదపడింది. ఆయన తరిమితే కుందేళ్ళు పరుగెత్తడం మానేసి నడుస్తున్నాయి. ఒక కుందేలైతే వెనక్కి తిరిగి, "కాసేపు కూర్చోండి తాతా" అంది.

ఆ రోజు సింహం కార్యదర్శి నక్కను పిలిచింది. "కడుపు కాలిపోతోందిరా. ఏదైనా దారి చూడు."

నక్క ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. "దొరా, తమరి ఒళ్ళు ఏ రంగు?"

"లేత గోధుమ. మా నాన్నదీ అదే."

"స్నానాల గది గోడలకూ అదే వేయిద్దాం. తమరు గోడకు ఆనుకుని కదలకుండా నిలబడండి. పొద్దున్నే మొదటి వంతు దుప్పులది. ఒకటి తగ్గితే చూసినవాడెవడు?"

సింహానికి నోట్లో నీళ్ళూరాయి. కానీ ఆ అడవిలో సంఘం లేకుండా గోడకు మేకు కూడా కొట్టరు. అందుకని రంగుల ఉపసంఘం పెట్టారు. అధ్యక్షుడు సింహం, కార్యదర్శి నక్క, సభ్యులు నెమలి, దుప్పి. పని ముళ్ళపంది మేస్త్రీకి ఇచ్చారు. తన ముళ్ళే కట్టి కుంచె చేసుకుంటాడు. రెండు పూతలకు ఒప్పుకుని మూడు వేస్తాడు. నేను చెబుతున్నాను, అలాంటి పనివాణ్ణి ఏ అడవీ మళ్ళీ కనలేదు.

మేస్త్రీ రంగుల కార్డు విప్పాడు. మీగడ తరక, సగ్గుబియ్యం, తడి ఇసుక, పాత గంధం, చల్లారిన టీ.

నెమలి ముక్కు విరిచింది. "ఇవి రంగులా? అన్నం వార్చిన గంజిలా ఉన్నాయి అన్నీ. నీలం లేదా?"

"స్నానాల గదికి నిమ్మళమైన రంగు కావాలమ్మా," అంది నక్క. "నీలం చూస్తే రక్తం పొంగుతుంది."

"నన్ను చూసి ఎవడికి పొంగింది?"

"అదే కదా మా బాధ."

నెమలి అలిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ సమావేశానికీ రాలేదు. సంతకాలు మాత్రం ఈక మీద పెట్టి పంపేది.

మేస్త్రీ గోడ మీద చదరంగా ఒక్కో రంగూ వేశాడు. నక్క దూరంగా నిలబడి ఒక కన్ను మూసింది. "దొరా, కొంచెం ఆ గంధం పక్కన నిలబడండి, వెలుతురు ఎలా పడుతుందో చూడాలి."

సింహం నిలబడింది.

"లాభం లేదు. చెవులు కనబడుతున్నాయి."

"ఎవరి చెవులు?" అంది దుప్పి.

నక్క గొంతు సవరించుకుంది. "గోడకు చెవులుంటాయంటారు కదా. మంచి రంగైతే అవి కనబడకూడదు."

సంఘంలో దుప్పి పేరుకే సభ్యురాలు. కాగితం చాపినప్పుడు డెక్క ముద్ర వేయడం ఆమె పని. కానీ పొద్దున్నే మొదటి వంతులో ఆ గదికి వెళ్ళేవి ఆమె పిల్లలు ఇద్దరూ.

పదకొండు సమావేశాలు జరిగాయి. మీగడ తరక మరీ తెలుపు, చల్లారిన టీ మరీ ముదురు. సగ్గుబియ్యంలో ఒక చుక్క ఎర్రమట్టి కలపమన్నారు. కలిపాక తీసెయ్యమన్నారు.

"కలిపింది ఎలా తీస్తారయ్యా?" అన్నాడు మేస్త్రీ.

"నీకు కలపడం వచ్చు కదా, తీయడం రాదా?"

మేస్త్రీ ముళ్ళు లేచాయి. అయినా కొత్త డబ్బా తెరిచాడు.

చివరికి తడి ఇసుక ఖాయమైంది. మరుసటి వారం అధ్యక్షుడు నున్నగా గొరిగించుకున్న తలతో వచ్చాడు. ముదురు రంగు జూలు మొత్తం పోయింది.

"ఏమిటి దొరా ఇది?" అంది దుప్పి.

"కొండకు మొక్కుంది. రంగు కుదిరితే జూలిస్తానని."

ఇంటికి వెళుతూ దారిపొడవునా దుప్పి ఆ మాటే నమిలింది. గోడ రంగు కుదరాలని ఎవడైనా తల గొరిగించుకుంటాడా? ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. మొదటి వంతు వద్దంటే వంతు రద్దవుతుంది. ఫిర్యాదు చేద్దామంటే కళ్ళతో చూసిన సాక్షి కావాలి. చూసే సాక్షి అంటే అప్పటికే ఒక బిడ్డ పోయి ఉండాలి.

రంగు ఆరి గది మళ్ళీ తెరిచే రోజు పొద్దున్నే అందరూ చేరారు. నక్క తలుపు దగ్గర నిలబడి, "రండి రండి, దుప్పమ్మా, పిల్లల్ని పంపు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి," అంది.

"అధ్యక్షులవారేరీ?"

"కొండకు వెళ్ళారు. మొక్కు."

దుప్పి గొంతు పెంచింది. "ప్రారంభోత్సవం లేకుండా ఎవరైనా నీళ్ళు ముట్టుకుంటారా? పెద్దలు ఉండగా పిల్లలు ముందు దిగితే అడవి పరువేం కావాలి? ఏనుగత్త చేతుల మీదుగా కానివ్వండి."

ఆ అడవిలో చీమలు పుట్ట పెడితే కూడా రిబ్బను కత్తిరిస్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏనుగత్త సిగ్గుపడుతూనే ముందుకు వచ్చింది. నక్క ఏమని ఆపుతుంది? లోపల సింహం ఉందని చెప్పలేదు కదా.

ఏనుగత్త తొట్టిలో మునిగి లేచింది. ఒళ్ళు తుడుచుకోకుండా గోడకు వీపు ఆనించి రుద్దడం మొదలుపెట్టింది.

"హాయిగా ఉందే," అంది లోపలి నుంచి. "ఇక్కడ గోడ కాస్త మెత్తగా ఉంది."

"మెత్తటి పూత అత్తా, కొత్త రకం," అంది నక్క.

"వెంట్రుకలున్నాయి."

"పట్టు పూత."

"వెచ్చగా కూడా ఉంది. ఊపిరి తీస్తోందేమిటే?"

ముళ్ళపంది మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. "నా గోడకు వెంట్రుకలా? నా గోడ మెత్తనా?" అంటూ లోపలికి దూరాడు. చూశాడు. నున్నటి గోడ మధ్యలో పెద్ద ఉబ్బు. మేస్త్రీ కళ్ళు ముసలివి, కానీ చెయ్యి మోసపోదు. "ఎవడో నా పనిని పాడు చేశాడు," అని గరుకురాయి తీసుకుని ఆ ఉబ్బు మీద సాపు చేయడం మొదలుపెట్టాడు. అటు నుంచి ఏనుగు రుద్దుడు, ఇటు నుంచి మేస్త్రీ రుద్దుడు.

సింహం చాలాసేపు గోడలాగే ఉంది. అరిస్తే దొరికిపోతుంది, కదిలితే దొరికిపోతుంది. చివరికి మేస్త్రీ మళ్ళీ పూత వేసే ముందు నాలుగు ముళ్ళతో గీరి చూశాడు. అప్పుడు గోడ గావుకేక పెట్టి, తలుపు చీల్చుకుని, వాగు వైపు పరుగెత్తింది. చాలా ఏళ్ళ తర్వాత ఆయన అంత వేగంగా పరుగెత్తడం అదే.

దుప్పి పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది. అవి అడిగాయి, "అమ్మా, గోడ ఎక్కడికి పోయింది?"

"డాక్టరు దగ్గరికి," అంది.

విచారణ జరిగింది. విచారణ సంఘానికి అధ్యక్షుడు, నడుముకు కట్టు కట్టుకుని వచ్చిన సింహమే. సింహాన్ని కళ్ళతో చూసిన సాక్షి ఎవరని అడిగారు. ఎవరూ లేరు. అందరూ చూసింది లేత గోధుమ రంగు. కాబట్టి పూత నాసిరకమని, అది మెత్తబడి, వెంట్రుకలు మొలిచి, ఊడి, స్వయంగా పారిపోయిందని తీర్మానించారు. ముళ్ళపంది మేస్త్రీకి ఇక పని ఇవ్వరాదని రాశారు. నెమలి ఈక మీద సంతకం పంపింది. దుప్పి మాత్రం ఈసారి డెక్క ముద్ర వేయలేదు. వేసినట్టు రాసుకున్నారు.

సింహం మళ్ళీ ఆ గది దరిదాపులకు రాలేదు. గంజి తాగుతోందని విన్నాను. పిల్లలిద్దరూ మొదటి వంతులోనే స్నానం చేస్తున్నారు. కానీ మేస్త్రీ కుంచె చూరుకు వేలాడుతూనే ఉంది.

ఆ తీర్మానం చివర, నాసిరకం పూత కొనరాదని ఒక నీతి కూడా రాసి పెట్టారు. నా వంకర అక్షరాలతో దిద్దితే చెల్లదంటారు. చక్కటి రాత ఉన్నవాళ్ళెవరైనా, సన్యాసిరాజు తప్ప, ఆ తీర్మానాల పుస్తకం తీసి మేస్త్రీ మీద వేసిన నింద కొట్టేయండి. ఆ నీతి కూడా కొట్టేసి, దాని స్థానంలో ఇది రాయండి:

గోడలో కలిసిపోదామనుకున్నవాడు, వీపు రుద్దుకోవడానికి వచ్చినవాళ్ళను తప్పుపట్టకూడదు.