మాట పూర్తయితే టికెట్ తెగదు

ఒక పెద్ద అడవిలో సింహం లేదు. ఒకప్పుడు ఉండేదే గానీ, హీరోగా వేసిన సినిమాలు వరసగా పోయేసరికి మొహం చెల్లక పక్క అడవికి మకాం మార్చేసింది. అప్పట్నుంచీ అడవిని చలనచిత్ర మండలి ఏలుతోంది. మండలి అధ్యక్షుడు ఏనుగు గజపతిరావు గారు. ఆయన సినిమా మొదలవగానే నిద్రపోయి, శుభం కార్డుకి లేచి, సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఏ సినిమా మీదా పక్షపాతం లేదని అందరూ ఆయన్ని గౌరవించేవాళ్లు.

ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక బొరియలో దాలయ్య అనే ఎండ్రకాయ ఉండేవాడు. ట్రైలర్లు కత్తిరించడం ఆయన పని. పుట్టుకతోనే రెండు చేతులూ కత్తెరలు కాబట్టి ఆ పనికి అడవిలో ఆయనకి పోటీ లేదు. బొరియలో ఫిల్ము ముక్కల మధ్య ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని దాలయ్యకి లోకమంతా ముక్కలుగానే కనిపించడం మొదలైంది. ఎవరైనా పలకరిస్తే, ఈ మాట ఎక్కడ కోస్తే బాగుంటుందా అని వాళ్ల నోటి వంక చూసేవాడు.

భార్య పోయాక ఆయనకి మిగిలింది ఒక్కగానొక్క కూతురు గవ్వలక్ష్మి. "తల్లి లేని పిల్ల. దాని పెళ్లొక్కటి సవ్యంగా చేశానంటే నా జన్మకి ఇంకేం అక్కర్లేదు" అని కనిపించిన కప్పకల్లా చెప్పుకునేవాడు. కూతురంటే ఆయనకి ప్రాణం. ఆ ప్రాణం పక్కన కాసేపు కూర్చోవడానికి మాత్రం తీరిక దొరికేది కాదు.

ఒకరోజు నిర్మాత జంబుకేశ్వరరావు రీలు డబ్బాలు మోయించుకుని వచ్చాడు. ఈయన నక్క. తెల్ల బట్టలు, నల్ల కళ్లద్దాలు.

"దాలయ్యా, టీనేజ్ ప్రేమకథ. కుందేలు కుర్రాడు, కుందేలు పిల్ల. కొత్త దర్శకుణ్ని నమ్మి డబ్బు పెట్టాను. నువ్వే చూసి చెప్పు, నా కర్మేమిటో."

దాలయ్య సినిమా చూశాడు. కుర్రాడికి పిల్ల నచ్చింది. పిల్లకి కుర్రాడు నచ్చాడు. ఇళ్లలో చెప్పారు. పెద్దవాళ్లు "మంచిదేగా, ముందు చదువు కానివ్వండి" అన్నారు. ఇద్దరూ కలిసి గడ్డి మేస్తూ చదువుకున్నారు. శుభం.

"బాగుందండీ," అన్నాడు దాలయ్య. నిజంగానే ఆయనకి నచ్చింది.

"బాగుంటే ఎవడు చూస్తాడయ్యా!" నక్క నెత్తి బాదుకున్నాడు. "కుర్రకారు ప్రేమ ట్రైలరంటే జనానికి కొన్ని గుర్తులున్నాయి. వాన కురవాలి. ఎవరో ఒకరు పరిగెత్తాలి. తండ్రి అడ్డుపడాలి, తల్లి ఏడవాలి, డాక్టరు కళ్లద్దాలు తీసి పెదవి విరవాలి. ఇవేమీ లేకపోతే అది ప్రేమని వాళ్లకెలా తెలుస్తుంది?"

"సినిమాలో అవేం లేవు కదండీ."

"సినిమాలో ఉండాలని నేనన్నానా? ట్రైలర్‌లో ఉండాలన్నాను. ఇంకో సంగతి చెబుతాను, గుర్తుపెట్టుకో. మాట పూర్తయితే టికెట్ తెగదు. సగం మాట వినిపించు. మిగతా సగం కోసం వాళ్లే కొట్టుకుంటూ వస్తారు."

దాలయ్య కత్తెరలు నూరుకున్నాడు. సినిమాలో తండ్రి కుందేలు వాకిట్లో కూర్చుని "చంపేస్తాను ఈ దోమల్ని" అంటాడు. "చంపేస్తాను" దగ్గర కోశాడు. తల్లి కుందేలు ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకుంటుంది. ఉల్లిపాయలు తీసేసి కళ్లు ఉంచాడు. వైద్యుడు గుడ్లగూబ "ఇంకో రెండు రోజులే ఈ జలుబు" అని ధైర్యం చెబుతాడు. జలుబు ఎగిరిపోయింది, రెండు రోజులు మిగిలాయి.

పరుగులు వెతికితే రెండు దొరికాయి. కుర్రాడు పాడైపోయిన పుట్టగొడుగులు తిని పొదల్లోకి పరిగెడతాడు. పిల్ల బడి గంట విని పరిగెడుతుంది. ఆ రెండూ పక్కపక్కన అతికించేసరికి ఒకరి కోసం ఒకరు ప్రాణాలకి తెగించి వస్తున్నట్టు కుదిరింది. వాన మాత్రం ఎక్కడా లేదు. ఏదో రీలు వెనకాల గజపతిరావు గారు తొండంతో స్నానం చేస్తున్న ముక్క కనబడితే, ఆయన్ని తీసేసి నీళ్లు వాడుకున్నాడు. చిట్టచివర కుర్రాడు పిల్ల కళ్లలోకి చూసి "నేను నిన్ను..." అంటాడు. తెర నల్లబడుతుంది. సినిమాలో అయితే "నేను నిన్ను ముల్లంగి తెమ్మన్నాను కదా, మరిచిపోయావా?" అంటాడు.

ట్రైలర్ వదిలిన రోజు అడవి ఊగిపోయింది. లేళ్లు వెక్కివెక్కి ఏడ్చాయి. కోతులు చెట్లు దిగకుండా ఈలలు వేశాయి. "ఆ వాన ఎక్కడో చూసినట్టుందే" అన్నారు గజపతిరావు గారు, అని మళ్లీ పడుకున్నారు.

తర్వాత సినిమా వచ్చింది. తండ్రి కుందేలు "చంపేస్తాను" అనగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. "ఈ దోమల్ని" అనేసరికి గోలెత్తిపోయింది. "మాట పూర్తి చేసిందెవడ్రా!" అంటూ ఒక అడవిపంది కోరలతో తెర చింపేసింది. జంబుకేశ్వరరావు మర్నాడే సినిమా ఎత్తేసి, అన్ని ఆటలకీ ట్రైలర్ ఒక్కటే వేయించాడు. జనం విరగబడ్డారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అడవిలో ఉన్న కుర్రకారంతా సగం సగం మాట్లాడటం మొదలుపెట్టారు. దుప్పి పిల్ల ఇంటికొచ్చి "అమ్మా... ఆకలి..." అని మొహం పక్కకి తిప్పుకునేది. ఆకలి వేస్తోందో, వెయ్యడం లేదో ఆ తల్లికి తెలిసేది కాదు. నెమలి కుర్రాడు "నేను నిన్ను..." అని మబ్బుల వంక చూసేవాడు. ఆడ నెమలి కూడా మబ్బుల వంకే చూసేది. అలా చూస్తూ చూస్తూ గూళ్లు కట్టే కాలం కాస్తా దాటిపోయింది.

పెద్దలు లబోదిబోమంటూ మండలికి పరిగెత్తారు. అత్యవసర సమావేశం పెట్టారు. గజపతిరావు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "ఇకమీదట ఈ అడవిలో మాట సగంలో ఆపినవారికి..."

అని ఆపారు. సభ చప్పట్లతో దద్దరిల్లింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆయన ఆపింది నిద్ర ముంచుకొచ్చి అని దగ్గరున్న తొండకి తప్ప ఎవరికీ తెలియదు.

దాలయ్యకి మాత్రం లోలోపల గర్వంగానే ఉంది. అడవంతా తన కోత ప్రకారం మాట్లాడుతోందంటే మాటలా!

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పై మడుగు నుంచి రాళ్లబాబు వచ్చాడు. ఎండ్రకాయల్లో కాస్త చూడచక్కని కుర్రాడు. ట్రైలర్ చూసిన దగ్గర్నుంచీ హీరోలాగా ఎదురుగా, తిన్నగా నడవడం సాధన చేస్తున్నాడు. ఎండ్రకాయ తిన్నగా నడిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బొరియ గుమ్మం చేరేలోపు నాలుగుసార్లు బోర్లా పడ్డాడు.

"మావయ్యా... నేను మీ గవ్వలక్ష్మిని..."

ఆగాడు. ఆకాశం వైపు చూశాడు.

దాలయ్య ఆనందంతో పొంగిపోయాడు. ఇన్ని మాటలు కోసినవాడికి మిగతా సగం ఏమిటో ఒకరు చెప్పాలా! గబగబా పక్కకి నడుచుకుంటూ వాగు ఒడ్డుకి వెళ్లాడు. గవ్వలక్ష్మి ఇసుకలో కూర్చుని ఉంది.

"అమ్మలూ, రాళ్లబాబు వచ్చాడు!"

"తెలుసు నాన్నా. నేను వాణ్ని..."

"చాలమ్మా, చాలు! తండ్రి మనసుకి ఆ మాత్రం అర్థం కాదూ!" దాలయ్య కళ్లు చెమర్చాయి. తుడుచుకుంటూ వెనక్కి మళ్లాడు. వెనకాల గవ్వలక్ష్మి ఇంకా ఏదో అంటూనే ఉంది. ఆయన చెవికి అది నేపథ్య సంగీతంలాగా వినబడింది.

అయితే ఒక చిక్కొచ్చింది. తండ్రి అడ్డుపడకుండా చేస్తే అది ప్రేమ పెళ్లి ఎలా అవుతుంది? తల్లి లేని పిల్లకి ఏ లోటూ రాకూడదు. దాలయ్య రాళ్లబాబు ముందుకొచ్చి కత్తెర ఎత్తాడు.

"ఈ పెళ్లి జరగదు! నా కంఠంలో ప్రాణముండగా జరగనివ్వను!"

"సరే మావయ్యా," అన్నాడు రాళ్లబాబు. బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలి, హీరో నడక సంగతి కూడా మరిచిపోయి, హాయిగా పక్కకి నడుచుకుంటూ పోయాడు.

"పాపం, ఎంత బాధ దిగమింగుకున్నాడో" అని దాలయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

ఏడవడానికి తల్లి లేదు కాబట్టి మొసలిని మాట్లాడాడు. మొసలి వచ్చి వాకిట్లో కూర్చుని కడివెడు కన్నీళ్లు కార్చి వెళ్లింది. ఆ ఏడుపుకి కరిగిపోయినట్టు దాలయ్య గుండె మీద చెయ్యి వేసుకుని "ప్రేమే గెలిచింది" అని ప్రకటించి, పై మడుగుకి వెళ్లి సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. అక్కడ రాళ్లబాబు "నాన్నా... నాకు..." అంటే వాళ్ల నాన్న "తెలుసులేరా దొంగా" అని వీపు తట్టాడు.

పందిరి లేచింది. తామరాకులు పరిచారు, అత్తరు చల్లారు. వాన కోసం గజపతిరావు గారిని లేపి తీసుకొచ్చారు. పెళ్లిని కూడా ట్రైలర్ చేద్దామని జంబుకేశ్వరరావు కెమెరా పట్టుకుని తయారయ్యాడు.

"నాన్నా, ఒక్క క్షణం కూర్చో. నేను చెప్పేది..." అంది గవ్వలక్ష్మి పెళ్లికూతురి ముస్తాబులో.

"తోరణాలు కట్టలేదమ్మా ఇంకా!" అంటూ దాలయ్య జారుకోబోయాడు.

ఈసారి గవ్వలక్ష్మి ఊరుకోలేదు. కత్తెర చాచి తండ్రి కాలు పట్టేసింది.

ఎండ్రకాయకి కాలు వదిలేసి పారిపోయే విద్య తెలుసు. దాలయ్యకి ఆ ఆలోచన రాకపోలేదు, తోరణాలు మిగిలిపోయాయి మరి. కానీ వెనక్కి తిరిగేసరికి కూతురి మొహం కనబడింది. ఆ మొహాన్ని ఇంత దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు రాలేదు. చిక్కిపోయి ఉంది. దాలయ్య తోరణాల సంగతి వదిలేశాడు. కదలకుండా నిలబడ్డాడు.

"నేను రాళ్లబాబుని చేసుకోను నాన్నా," అంది గవ్వలక్ష్మి. "వాడు అడిగాడు, నేను వద్దన్నాను. నాకు పక్కన నడిచేవాడు కావాలి గానీ, ఎదురుగా నడుచుకుంటూ వచ్చి మీద పడేవాడు కాదు. ఆ రోజే చెప్పాను. రోజూ చెబుతున్నాను. అడవిలో పిల్లలందరూ సగం మాటలే మాట్లాడుతున్నారు. నేను ఒక్కనాడూ సగంలో ఆపలేదు. నువ్వే సగం విని లేచిపోయావు."

"అంతే మావయ్యా," రాళ్లబాబుకి కూడా ధైర్యం వచ్చి మాట పూర్తిగా బయటికొచ్చింది. "నేను మీ గవ్వలక్ష్మిని అడిగాను, కాదంది, మీరు కాస్త చెప్పి చూస్తారేమోనని వచ్చాను. మీరు జరగదని అరిచేసరికి, పోనీలే, ఇంటిల్లిపాదికీ ఇష్టం లేదని తేలిపోయింది కదా అని స్థిమితపడ్డాను. మళ్లీ ఈ దండేమిటో నాకైతే అర్థం కాలేదు."

 గజపతిరావు గారి తొండంలో నీళ్లయిపోయి వాన ఆగిపోయింది.

జంబుకేశ్వరరావు ఒక్కడే ఎగిరి గంతేశాడు. "అద్భుతం! దాలయ్యా, 'నేను రాళ్లబాబుని' దగ్గర కోసెయ్! మిగతాది మనకక్కర్లేదు!"

దాలయ్య కత్తెరలు కిందకి దించాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఇంకా ఏమైనా చెప్పాలా అమ్మలూ?" అని అడిగాడు.

"చాలా ఉంది నాన్నా. అమ్మ పోయినప్పటి నుంచీ ఉంది."

దాలయ్య పందిరి మధ్యలో చతికిలబడ్డాడు. గవ్వలక్ష్మి మొదలుపెట్టింది. వింటూ వింటూ చుట్టాలు విసుగెత్తి ఒక్కొక్కరే లేచారు, విస్తళ్లలో వడ్డించినవి చల్లారిపోయాయి, కెమెరాలో ఫిల్ము అయిపోయి నక్క కూడా వెళ్లిపోయాడు. దాలయ్య మాత్రం కూతురి మాట చివరిదాకా విన్నాడు. మర్నాడు పందిరి తన చేతులతోనే విప్పి, తామరాకులన్నీ ఏరి వాగులో కలిపి వచ్చాడు.

నీతి: పిల్లల మాట చివరిదాకా వినకండి, విన్నారంటే, వేసిన పందిరి మీ చేతులతో మీరే విప్పుకోవాలి.