ఎడమ కనుబొమ్మకు అనుమతి

కదలనిదాన్ని కదిలినట్టు చూపించే విద్యలు లోకంలో రెండే ఉన్నాయి. ఒకటి మట్టిబొమ్మల సినిమా, రెండోది ప్రభుత్వ ఫైలు. రెండింటికీ ధర్మం ఒకటే. చూస్తున్నంతసేపు వస్తువు కదలకూడదు. ఎవరూ చూడనప్పుడు నువ్వుగింజంత జరగాలి. మళ్ళీ చూస్తే ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉండాలి. అలా ఏళ్ళ తరబడి జరిపి, చివరికి మొత్తాన్ని ఒక్కసారిగా తిప్పి చూపిస్తే, జనం "అబ్బో, ఎంత చకచకా నడుస్తోందో" అంటారు.

ఈ పోలిక మొదట ఎవరికి తట్టిందో తెలియదు. కర్నూలు రాజధానిగా, గుడారాలు వేసుకుని సర్కారు కచేరీలు నడుస్తున్న రోజుల్లో మాత్రం మృత్తికా చలనచిత్ర విభాగం అని ఒకటి పుట్టింది. (ఖాళీ గుడారం గాలికి ఎగిరిపోతుందని, బరువు కోసం అందులో ఒక విభాగాన్ని కూర్చోబెట్టారని కొందరంటారు. నేను నమ్మను. దానికి బరువెక్కడిది?)

విభాగం తొలి చిత్రం మా చోడవరం గవరయ్య మాస్టారి జీవితమూ కథలూ కలిపి తీయాలని నిర్ణయమైంది. గవరయ్య మాస్టారు కథలు రాసి, కాలం చేసి, పిల్లల వాచకాల్లోకి ఎక్కిన మనిషి. చెరకు గడ పట్టుకు పాకి వెళ్ళి చందమామకి బెల్లం ముక్క తినిపించి దిగొచ్చిన ముసలమ్మ కథ ఆయనదే. నక్కకి పిలక పెట్టి పౌరోహిత్యం నేర్పిన కథా ఆయనదే. (ఆ నక్క చేయించిన పెళ్ళిళ్ళలో ఒకటి నాదని మా ఇంట్లో అనుమానం.)

చిక్కల్లా మాస్టారికి ఫొటో లేకపోవడం. ఒకసారి ఫొటో తీసేవాడు ఇంటికొస్తే, "నా మొహం నాకే కనపడదు, మీకెందుకురా" అని దొడ్డిదారిన పొలానికి వెళ్ళిపోయాడట. అందువల్ల ఆ మొహం లోకంలో ఒకే ఒక్క చోట మిగిలింది. అది ఆయన భార్య అచ్చియ్యమ్మ జ్ఞాపకం. కె.కోటపాడు నుంచి కుమ్మరి పరదేశిని పిలిపించారు. ఎన్నాళ్ళైనా ఎండిపోకుండా ఉండాలని అతను మట్టిలో ఆముదం పోశాడు. అంటుకుని ఉండాలని బెల్లం మడ్డి కలిపాడు. అచ్చియ్యమ్మ పీట మీద కూర్చుని చెబుతూంటే పిసకడం మొదలెట్టాడు.

"ముక్కు ఇంకొంచెం పెద్దది బాబూ. అబద్ధాలన్నీ దాని కిందే దాసుకునీవోడు."

"సెవులు సరిపోయేయా అమ్మా?"

"సెవులెలాగున్నా పర్లేదు. నా మాట ఎప్పుడిన్నాడు గనక."

సాయంత్రానికి మూడేళ్ళ పిల్లవాడంత మాస్టారు మట్టికుర్చీలో కూర్చున్నాడు. అచ్చియ్యమ్మ చాలాసేపు చూసింది.

"ఆయనే," అంది. "ఒక్కటే తక్కువ. కథ సెప్పీ ముందు ఎడమ కనుబొమ్మ ఇలాగ ఎగరేసేవోడు. అదెగిరిందంటే ఆ తరవాత వొచ్చిందంతా అబద్ధమేనని నాకు తెలిసిపోయీది. నిన్నే పెళ్ళి సేసుకుంటాను, పువ్వులాగ సూసుకుంటాను అన్నప్పుడు కూడా ఎగరేసేడు." చెంగుతో మూతి తుడుచుకుంది. "అదొక్కసారి మళ్ళీ సూస్తే సాలు బాబూ. సినిమా మీరు సూసుకోండి."

విభాగం వారు మొదటి దృశ్యంగా అదే రాసుకున్నారు. మాస్టారు ఎడమ కనుబొమ్మ ఎగరేస్తాడు, ముసలమ్మ కథ ఎత్తుకుంటాడు. కనుబొమ్మ ఎగరందే కథ లేదు, కథ లేందే సినిమా లేదు. గానుగలు ఆడే రోజులు కావు గనక, రావికమతం దారిలో ఉన్న తన బెల్లం వండే పాకను చెరకు రైతు నూకరత్నం ఇచ్చింది. చెరకు చేతికొచ్చేసరికి ఖాళీ చేయాలని ఒకే ఒక్క షరతు పెట్టింది. విభాగం వారు నవ్వారు. ఒక కనుబొమ్మకి అంతకాలం పడుతుందా అన్నారు.

కదలికల అధికారిగా అనకాపల్లి నుంచి సత్యరాజు దిగాడు. నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడతాడు, మిగతా రోజుల్లో విభాగం నియమావళిని అదే రాగంలో చదువుతాడు. ఉద్యోగం తాత్కాలికం. ఒక్క ఆక్షేపణ కూడా లేకుండా ఒక సినిమా పూర్తయితే ఖాయం చేస్తామన్నారు. అందుచేత అతనికి నియమావళి కంఠతా వచ్చు.

నియమావళి ఇలా చెబుతుంది: "ప్రభుత్వమునకు చెందిన యే వస్తువునైనను, దాని భాగమునైనను, ఉన్నచోటినుండి జరుపుట స్థానచలనమగును. స్థానచలనమునకు పై యుత్తరువు కావలెను." బొమ్మ ప్రభుత్వానిది. కనుబొమ్మ బొమ్మది. కాబట్టి ప్రతి నువ్వుగింజంత ఎత్తుకీ ఒక ఉత్తరువు రావాలి. రెండో నియమం ఇంకా గట్టిది: "స్థానచలనము జరుగునపుడు అధికారి చూడరాదు. చూచినచో అది సినిమా కాదు, తోలుబొమ్మలాట." కాబట్టి ఉత్తరువు రాగానే సత్యరాజు గోడవైపు తిరగాలి. పరదేశి జరపాలి. మద్రాసు నుంచి వచ్చిన దాసు కెమెరాతో ఒక్క ఫొటో తీయాలి. ఎవరూ చూడనప్పుడు కదిలిందని చెప్పడానికి నమ్మకమైన సాక్షి ఒకడుండాలని నన్ను వేశారు. (చోడవరంలో నా మాట కుక్క కూడా నమ్మదు. కాని సాక్షిని అడగవలసిన ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.)

మొదటి నువ్వుగింజ కోసం కాగితం కర్నూలు వెళ్ళింది. తిరిగొచ్చింది, ప్రశ్నతో. "ఎడమ కనుబొమ్మను మాత్రమే పైకి పంపుటకు కారణమేమి? రెండును ఒకే దినమున కొలువున చేరినవి గదా. ఎడమదానికి ముందుగా పదోన్నతి కలిగించినచో కుడిది అప్పీలు చేసికొనవచ్చును."

సత్యరాజు ఆలోచించి, కుడి కనుబొమ్మకు అభ్యంతరం లేదని ఒక వాంగ్మూలం తయారుచేశాడు. దాని తరపున పరదేశిని వేలిముద్ర వేయమన్నాడు.

"రేపది కాదంటే పూచీ నాదేటి బాబూ?"

"అదేమీ అనదయ్యా."

"ఎడమది మాత్రం ఏటందని?"

సత్యరాజు ఆ ప్రశ్న కూడా కర్నూలు పంపుదామనుకున్నాడు. నేను ఆపాను.

తర్వాతి ప్రశ్న మరీ సున్నితం. అధికారి సమక్షంలో కనుబొమ్మ ఎగరేయడం అవిధేయత కిందికి వస్తుంది కదా అని. ఆ సమయంలో తాను గోడవైపు తిరిగి ఉంటాననీ, కనుబొమ్మ ఎగిరేది తన వీపు వంకనేననీ సత్యరాజు మనవి చేసుకున్నాడు. వీపుకు హోదా లేదని పైవారు తేల్చి, మొదటి నువ్వుగింజను మంజూరు చేశారు.

ఆ రోజు పాక ముందు జనం. సత్యరాజు గోడవైపు తిరిగాడు. పరదేశి చిటికెనవేలితో ఒత్తాడు. దాసు తీశాడు. నేను సంతకం పెట్టాను. అచ్చియ్యమ్మ బొమ్మకి ముక్కు తగిలేంత దగ్గరికొచ్చి చూసింది.

"ఎగిరిందా?"

"ఎగిరిందండి మామ్మగారూ."

"నాకేటీ అగుపడ్డం లేదు బాబూ."

"ప్రభుత్వపరంగా ఎగిరిందండి."

ఆవిడ వక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. అది మొదలు రోజూ వచ్చి, పాక గుమ్మంలో కూర్చుని, వక్క కొరుక్కుంటూ, మొగుడి కనుబొమ్మకేసి చూసేది. ఆయన బతికున్నప్పుడు ఇంతసేపు ఒకచోట కూర్చుంటే ఎంత బాగుండునో అనేది.

మధ్యలో చీమల వ్యవహారం ఒకటి నడిచింది. మట్టిలో బెల్లం మడ్డి ఉందని చెప్పాను గదా. ఆ వాసన రోలుగుంట దాకా పోయి, అక్కడి చీమలు కూడా బారులు కట్టుకుని వచ్చాయి. ఒక ఆదివారం సత్యరాజు చర్చికి వెళ్ళిన సమయంలో, అవి మాస్టారి ఎడమకాలి చెప్పును గుమ్మం వైపు బెత్తెడు లాక్కుపోయాయి. ఉత్తరువు లేని స్థానచలనం. సత్యరాజు మొహం పాలిపోయింది. ఉద్యోగమంతా ఆ చెప్పు మీద నిలబడి ఉంది. సంజాయిషీ కోరుతూ చీమలకు మెమో రాశాడు. తీసుకునేవారు లేకపోతే గోడకి అంటించవచ్చునని నియమం ఉంది. కాబట్టి మైదాపిండి జిగురుతో దాన్ని పుట్టకి అంటించాం. తెల్లారేసరికి చీమలు జిగురంతా తిని, మెమోను లోపలికి ఈడ్చుకుపోయాయి. "ముట్టినది" అని సత్యరాజు రాసుకున్నాడు. (చీమలు జవాబు కూడా ఇచ్చాయి గాని, అక్షరాలు మరీ చిన్నవి.)

ఇలా ప్రశ్నలూ ఉత్తరువులూ వస్తూ, జవాబులు పోతూ, కార్తీకం నాటికి కనుబొమ్మ సరిగ్గా సగం ఎక్కింది. మాట నాలిక చివరికొచ్చి ఆగిపోయినవాడిలా ఉన్నాడు మాస్టారు. అచ్చియ్యమ్మ గుమ్మంలోంచి జరిగి జరిగి బొమ్మ ముందుకే చేరింది. "వొస్తంది, వొస్తంది" అనేది.

సరిగ్గా అప్పుడే రాజధాని హైదరాబాదు తరలింది. విభాగమూ తరలింది. మిగతా సగం సంగతి అడిగితే జవాబొచ్చింది: "ఫైలు ప్రయాణములో నున్నది. కదులుచున్న ఫైలుపై సంతకము చేయరాదు. ఆగిన పిమ్మట అది కదలదు గనుక, అప్పుడు చూడబడును."

ఇటు చెరకు చేతికొచ్చింది. నూకరత్నం పాక ముందుకొచ్చి నిలబడింది.

"పాక కాళీ సెయ్యండి బాబూ. రేపో మాపో గానుగ కట్టాల."

"బొమ్మను జరపడానికి ఉత్తరువు లేదండి."

"అయితే ఏటి, ముసలాయన నెత్తి మీదే బెల్లం పొయ్యమంటారా?"

సత్యరాజు నియమావళి తిరగేశాడు. నెత్తి మీద బెల్లం పోయడం గురించి అందులో ఏమీ లేదు.

నూకరత్నం ఇంటికి పోయి ఆలోచించింది. మర్నాడు స్నానం చేసి, బంతిపూల దండా కొబ్బరికాయా పట్టుకుని, వీధి ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకు వచ్చింది. మాస్టారికి దండ వేసి, బొట్టు పెట్టి, కాయ కొట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు సత్యరాజు.

"ఇన్నాళ్ళు ఏ పనీ సెయ్యకుండా కూకున్నోడు దేవుడైనా అవ్వాల, సర్కారు ఉద్యోగైనా అవ్వాల. ఈయన జీతం పుచ్చుకోడం లేదు. మరింక దేవుడే గదా."

ఆడవాళ్ళందరూ తలూపారు.

"కళ్ళు దిద్దిన మట్టి," అంది నూకరత్నం. "గౌరీపరమేశ్వరుల్ని ఏట్లో కలిపీ రోజున ఈయన్నీ కలిపెయ్యాల. ఉంచకూడదు. దేవుడి ఊరేగింపు ఆపమని మీ పుస్తకంలో ఉందేటి బాబూ?"

సత్యరాజు వెతికాడు. సరిగ్గా ఎదురు దొరికింది: "మతాచారముల విషయమున విభాగము జోక్యము చేసికొనరాదు." పుస్తకం మూసి, అచ్చియ్యమ్మ వైపు చూశాడు. సినిమా పోతుంది, ఉద్యోగం పోతుంది, ఆవిడ కనుబొమ్మ సగంలోనే పోతుంది. నియమం ప్రకారం ఎవరిదీ తప్పు కాదు.

"మీరేమంటారు మామ్మగారూ?"

"ఆయన్ని ఏట్లో కలపడం ఇది రెండోసారి బాబూ. మొదటిసారి నన్నెవరూ అడగలేదు." వక్క ఉమ్మేసి లేచింది. "పదండి. ఒకచోట కూకోడం ఆయనకెప్పుడూ సేతకాదు."

సంబరం రోజున గౌరీపరమేశ్వరుల బండి వెనక మాస్టారి బండి కట్టారు. డప్పులు, సాము గరిడీలు. దారిపొడుగునా పిల్లలు ఆయనకి మొక్కి, పరీక్ష పాసవ్వాలని కోరుకున్నారు. (మాస్టారు బతికున్నప్పుడు ఎవర్నీ పాస్ చేయలేదు.) కెమెరా మాత్రం రాలేదు. అదీ ప్రభుత్వ వస్తువే గనక దాని స్థానచలనానికి ఉత్తరువు లేదు. దాసు ఒట్టి చేతులతో వచ్చాడు.

శారదానది గట్టు జారుడుగా ఉంది. పరదేశి బొమ్మను వెల్లకిలా ఎత్తుకుని దిగుతూంటే కాలు జారి, మాస్టారి తల కిందికీ కాళ్ళు పైకీ అయ్యాయి. అచ్చియ్యమ్మ అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో ఉంది. నుదుటికి నీళ్ళు తగిలాయి. ఇన్నాళ్ళు వేలితో ఒత్తించుకుని ఒత్తించుకుని వదులైపోయిన ఆ ఎడమ కనుబొమ్మ, ఉన్నచోటి నుంచి మెల్లిగా, నుదుటి వైపు, జారడం మొదలెట్టింది.

"బాబోయ్, కదుల్తంది," అన్నాడు పరదేశి. కొయ్యబారిపోయి సత్యరాజుకేసి చూశాడు. "సత్యరాజు బాబూ, కాయితం లేకుండానే కదుల్తంది."

ఊరంతా సత్యరాజు వైపు తిరిగింది. పంట్లాం తడిసి నీళ్ళలో నిలబడి ఉన్న ఆ మనిషి, ఒక్క క్షణం ఆగి, గట్టువైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను చూడటం లేదు," అన్నాడు. "కానివ్వండి."

కనుబొమ్మ పూర్తిగా ఎగిరింది. అచ్చం ఆయనలాగే. చావింట్లో కూడా ఆ మొహం చూస్తే నవ్వొచ్చేది. అచ్చియ్యమ్మ ముందు చేత్తో నోరు మూసుకుంది. తర్వాత తీసేసి పకపకా నవ్వింది. గౌరమ్మ బండి దగ్గర డప్పులవాళ్ళు ఆపి మరీ చూశారు.

"అదిగో," అంది. "ఇంక మొదలెడతాడు." నీళ్ళలో వంగి, ఆ పెద్ద ముక్కు దగ్గర చెవి పెట్టింది. "సెప్పు మరి. ఇంటన్నాను."

ఆయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కాసేపటికి ఆవిడే పరదేశికి సైగ చేసింది. మాస్టారు నీళ్ళలోకి దిగి, ఏటి రంగులో కలిసిపోయాడు. జరిగింది జరిగినట్టు నేను సాక్ష్యం రాసిచ్చాను. నా జన్మలో అబద్ధం కలపని కాగితం అదొక్కటే. ఎవరూ నమ్మలేదు.

"బొమ్మ మతకారణములచే తీర్థయాత్రలో నున్నది" అని సత్యరాజు నివేదిక పంపి, పెట్టె సర్దుకు కూర్చున్నాడు. మామిడిపళ్ళ నాటికి హైదరాబాదు నుంచి ఉత్తరువు వచ్చింది. కొత్త రాష్ట్రం వచ్చిన సంతోషంలో మిగిలిన ఎత్తంతా ఒక్కసారిగా మంజూరు చేశారు. అదీ వెనకటి తేదీ నుంచి. అంటే ఏట్లో జరిగిన స్థానచలనం పూర్తిగా సక్రమం. ఒక్క ఆక్షేపణ లేదు గనక చిత్రం పూర్తయినట్టే లెక్క. సత్యరాజు ఉద్యోగం ఖాయమైంది. అతను ఆ కాగితం పట్టుకెళ్ళి అచ్చియ్యమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ అతనికి బెల్లం ముక్క పెట్టింది.

ఉత్తరువు కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఎగిరిన కనుబొమ్మను తిరిగి దించుటకు వేరుగా దరఖాస్తు చేసికొనవలెను అని. ఇంతవరకు ఎవరూ చేసుకోలేదు. కాబట్టి ప్రభుత్వ రికార్డుల ప్రకారం మా గవరయ్య మాస్టారి ఎడమ కనుబొమ్మ ఈనాటికీ ఎగిరే ఉంది. ఆ ఫైలులో కనుబొమ్మ ఎగిరిన తరవాతి పేజీ నుంచి విభాగం వారి వార్షిక ప్రగతి నివేదిక మొదలవుతుంది.