చప్పుడు మింగిన పుస్తకం

పాఠక మహాశయులకు తెలియజేయడమేమనగా, ఇన్నేళ్ళూ సిమెంటు బస్తాలకు నీడనిచ్చిన రైల్వే గేటు పక్క గోడౌను సకల హంగులతో రికార్డింగ్ స్టూడియోగా మారింది. కళారంగానికి ఇది శుభవార్త. సిమెంటు రంగానికి వచ్చిన నష్టమేమీ లేదు. అక్కడ మిగిలిన ఆఖరి బస్తా ఏనాడో తడిసి బండరాయి అయిపోయింది. కూలీలు ఎంత లాగినా కదలకపోయేసరికి, దాన్ని కళాకారులు కాలు పెట్టి లోపలికి వచ్చే మెట్టుగా ప్రకటించారు.

గోడౌను యజమానిని ఊళ్ళో బస్తాల బాబు అంటారు. వ్యాపారం పడుకున్నాక తల పట్టుకుని కూర్చుని కూర్చుని, ఆయన ఒక సత్యం కనిపెట్టాడు. దాన్ని మొదట తన అక్క దగ్గరే బయటపెట్టాడు.

"అక్కా, ఇప్పుడు ప్రతివాడికీ మాట్లాడాలని ఉంది, వినాలని ఎవడికీ లేదు. వినేవాళ్ళని నమ్ముకుంటే దివాలా తీస్తాం. మాట్లాడేవాళ్ళకి గది అద్దెకిచ్చామనుకో, బతికిపోతాం."

అక్క నవ్వి ఊరుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ వినే వర్గానికి చెందిన మనిషి.

ఒకటే చిక్కు. గోడౌనులో సిమెంటు లేదు గానీ బావగారి పుస్తకాలున్నాయి.

బావగారంటే ఆ అక్క భర్త. తూనికలు, కొలతల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కుర్చీ పోయినా పిలుపు పోలేదు. ఇప్పటికీ ఊరంతా సూపరింటెండెంటు గారనే అంటుంది. రిటైరైన మర్నాడే ఆత్మకథ మొదలుపెట్టి, దొంగ తూకాలు పట్టుకున్న వైనమూ, పై అధికారి ముఖాన్నే నిజం చెప్పాలని అనుకున్న వైనమూ పూసగుచ్చినట్టు రాసి, "నేనూ నా అడుగుల చప్పుడూ" అని పేరు పెట్టి పదివేల ప్రతులు అచ్చేయించారు. వంద ప్రతులు సంతకం చేసి పంచారు. మిగిలినవి గిరాకీ వచ్చేదాకా ఉండనిమ్మని బావమరిది గోడౌనులో పెట్టించారు. పదేళ్ళయింది. గిరాకీ బయలుదేరిందనీ, దారిలో ఉందనీ ఆయన నమ్మకం.

రాతప్రతి ప్రెస్సులోనే ఎక్కడో పోయింది. అచ్చయ్యాక దాంతో పనేముందని ఆయనా అడగలేదు. అచ్చయిన పుస్తకాన్ని కూడా ఆయన మళ్ళీ చదవలేదు. అట్ట మీది ఫొటో, సమీక్షకుడు గారు రాసిన ముందుమాట చూసుకుని మూసేశారు. తన పుస్తకం తానే చదువుకోవడం సంస్కారం కాదు గదా. ఆయనకు కావలసింది ఒక్కటే: ఎవరో ఒకరు తన కథ చివరిదాకా వినాలి, విని "ఆహా" అనాలి. పాపం, అంతకంటే ఏమీ అడగలేదు.

ఆ పుస్తకం గొప్పదనానికి ఎలుకలే సాక్షి. గోడౌను ఎలుకలు సిమెంటు సంచులు తిన్నాయి, వైర్లు తిన్నాయి, వాచ్‌మన్ చెప్పులు తిన్నాయి. పుస్తకాల జోలికి మాత్రం పోలేదు. అది భయభక్తుల వల్లేనని సూపరింటెండెంటు గారు తేల్చారు.

"బావగారూ, మరి... తూకానికి ఇచ్చేద్దామా?" అని బావమరిది ఒకనాడు నసిగాడు.

తూకం అన్న మాటే ఆయనకు జీవితమంతా అన్నం పెట్టింది. అయినా ఆ రోజు గుండెలో ముల్లులా దిగింది. రాత్రి భోజనం కూడా చెయ్యలేదు.

ఆదుకున్నది సౌండ్ ఇంజనీరు. గోడౌను చూడటానికి వచ్చి, చప్పట్లు కొడుతూ నాలుగు మూలలూ తిరిగాడు. మూడు మూలల్లో రేకుల కప్పు అదిరి, ప్రతి చప్పుడుకీ పది చప్పుళ్ళు బదులొచ్చాయి. పుస్తకాల కట్టలున్న నాలుగో మూలలో కొడితే, కొట్టినవాడికే వినిపించలేదు.

"సార్! ఇక్కడ శబ్దం చచ్చిపోతోంది సార్!" అని అతను గంతేశాడు. "స్పాంజి దండగ. గోడల నిండా ఇవే పేర్చేద్దాం. మామూలు పుస్తకాలైతే నలుగురూ విప్పి విప్పి వదులైపోతాయి. ఇవి ఒక్కసారీ విప్పలేదు కదా, ఇటుకల్లా ఉన్నాయి."

రొట్టె విరిగి నేతిలో పడింది. సూపరింటెండెంటు గారు కళాసేవ నిమిత్తం తన గ్రంథాన్ని ఒక సాంస్కృతిక సంస్థకు శాశ్వత ప్రాతిపదికన సమర్పించడానికి అంగీకరించారు. ఒక్క షరతు: స్టూడియోలో మొదటి రికార్డింగు తన ఆత్మకథే కావాలి, తన గొంతుతోనే. చదివే ఓపిక లేని జనం వింటూనైనా బాగుపడతారని ఆయన ఆశ. బావమరిది కక్కలేక మింగలేక సరేనన్నాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. నాలుగు గోడలూ నేల నుంచి కప్పు దాకా ఒకే పుస్తకం. ఎటు చూసినా సూపరింటెండెంటు గారి పేరే, ఎటు తిరిగినా "అడుగుల చప్పుడే", ఒక్క అడుగు చప్పుడు మాత్రం వినిపించదు. సభికులు అలవాటుగా చప్పట్లు కొట్టారు. అవి పుట్టిన చోటే పోయాయి. ఒక వక్త తన మాట ఎవరికీ నచ్చలేదని కంగారుపడి, అదే వాక్యాన్ని మూడుసార్లు చెప్పి, చెమట తుడుచుకుని కూర్చున్నారు.

సమీక్షకుడు గారు లేచారు. ఊళ్ళో ఏ పుస్తకం వచ్చినా ముందుమాట, సమీక్ష, సన్మానపత్రం మూడూ ఆయన చేతి మీదుగానే పోవాలి.

"గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడలకు నోళ్ళున్నాయి!" అన్నారాయన. "ఈ మహాగ్రంథాన్ని నేను ఒక్క బిగిన చదివాను. ముఖ్యంగా నూట నలభై మూడో పేజీ... క్షమించాలి, తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది."

సూపరింటెండెంటు గారికీ కళ్ళు చెమర్చాయి. నూట నలభై మూడో పేజీలో తానేం రాశారో గుర్తు తెచ్చుకోబోయారు గానీ, ఈలోగా ఫొటోకి పిలిచారు.

రికార్డింగు రోజు వచ్చింది. చదవడానికి పుస్తకం కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. సంతకం చేయించుకున్న మహనీయులకు ఫోన్లు చేశారు. ఒకాయన ప్రతి తలగడ పక్కనే ఉండేదట, నిన్నటిదాకా చూశారట. ఇంకొకాయన దాన్ని అమూల్యంగా భావించి వియ్యంకుడికిచ్చారట. ఆ వియ్యంకుడు మరింత అమూల్యంగా భావించి ఇంకెవరికో ఇచ్చాడట. ఒకావిడ ఏమీ దాచకుండా, ఫ్రిజ్ కాలు కింద ఉంది, తీస్తే ఒరిగిపోతుంది, ఇవ్వలేనని చెప్పేసింది. ఊరు మొత్తానికి ఆ పుస్తకాన్ని వాడుకుంటున్న మనిషి ఆవిడొక్కతే.

ఇక చేసేదేముంది, గోడలోంచే ఒకటి లాగారు. ఆ కంతలోంచి రైల్వే గేటు దగ్గరి లారీ హారన్ దూసుకొచ్చింది.

"కాస్త తొందరగా చదివి మళ్ళీ అందులో పెట్టేయండి సార్," అన్నాడు ఇంజనీరు.

సూపరింటెండెంటు గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు కూర్చున్నారు. అద్దానికి అవతల ఇంజనీరు, బస్తాల బాబు, టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని సూపరింటెండెంటు గారి భార్య. ఎర్రదీపం వెలిగింది.

"నేను పుట్టిననాడు ఆకాశం నిండా మబ్బులు..." అని అందుకున్నారు. పుట్టారు, పాకారు, బడికెళ్ళారు, పరీక్షలు గట్టెక్కారు, ఉద్యోగంలో చేరారు. పదహారో పేజీ అడుక్కి వచ్చారు. "ఆ ఏడాదే నా జీవితాన్ని మలుపు తిప్పిన..." పేజీ తిప్పారు. "నేను పుట్టిననాడు ఆకాశం నిండా మబ్బులు..."

"సార్, ఇది ఇందాక చదివారు," అంది హెడ్‌ఫోన్లోంచి ఇంజనీరు గొంతు.

"రాసింది నేనా నువ్వా?" అని కసిరి, మళ్ళీ బడికెళ్ళి, మళ్ళీ ఉద్యోగంలో చేరి, మళ్ళీ పేజీ తిప్పి, మళ్ళీ పుట్టారు. ఈసారి పుస్తకమంతా గబగబా తిరగేశారు. ప్రెస్సు మహానుభావుడు పదహారేసి పేజీల పన్నెండు ఫారాలకి బదులు మొదటి ఫారాన్నే పన్నెండుసార్లు అచ్చేసి కుట్టేశాడు. పేజీ నంబర్లు పదహారు దాటి పైకి ఎక్కనే లేదు. ఆ పుస్తకంలో ఆయన పన్నెండుసార్లు పుట్టారు; ఒక్కసారి కూడా రిటైర్ కాలేదు.

ఈ ఒక్కటే పొరపాటేమోనని గోడలోంచి ఇంకోటి లాగారు. అదీ అంతే. ఇంకోటి. ఇంకోటి. లాగినకొద్దీ గేటు గంట, ఆటోలు, ఎవరో ఎవరినో తిట్టడం, బయటి లోకమంతా లోపలికి వచ్చి కూర్చుంది.

"బావగారూ, మీకు దండం పెడతాను, ఇంకొక్కటి లాగితే గోడ మన నెత్తిన పడుతుంది!" అని బస్తాల బాబు చేతులు పట్టుకున్నాడు.

సూపరింటెండెంటు గారు సమీక్షకుడు గారికి ఫోన్ చేశారు. అవతల ఒక్క దగ్గు వినిపించింది. మహా విమర్శకులు అంతకంటే తడబడరు.

"అయ్యో, ఆ పునరుక్తేనండీ పుస్తకానికి ఆయువుపట్టు! బతుకంతా ఒక చక్రమని ఎంత గడుసుగా చెప్పారు! నేను మొదట్లోనే కనిపెట్టాను."

"మరి ఆ నూట నలభై మూడో పేజీ..."

"అది మలి ముద్రణను దృష్టిలో పెట్టుకుని అన్న మాట."

సూపరింటెండెంటు గారి ప్రాణం కుదుటపడింది. పొరపాటయితే సిగ్గు, ప్రయోగమయితే కీర్తి. ఉన్నది ఉన్నట్టే చదివేద్దామని నిశ్చయించుకుని మైకు ముందుకొచ్చారు. ఎర్రదీపం మళ్ళీ వెలిగింది. పదహారో పేజీ చివరికి మళ్ళీ చేరారు. "ఆ ఏడాదే నా జీవితాన్ని మలుపు తిప్పిన..."

అవతల ఆయన భార్య ఫ్లాస్కు పక్కన పెట్టి, లోపలికి మాట్లాడేటప్పుడు ఇంజనీరు నొక్కే మీట మీద తను వేలు పెట్టింది. ఆవిడ గొంతు తిన్నగా ఆయన చెవుల్లోకి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో మధ్యలో ఆయన గొంతు అడ్డం పడకుండా రావడం అదే మొదలు.

"నాకు ముందే తెలుసండీ. మొదటి కట్ట ఇంటికొచ్చిన రోజే చదివాను."

"చదివావా? మరి చెప్పలేదేం?"

"ఊళ్ళో అందర్నీ అడిగారు, చదివారా చదివారా అని. నన్ను అడగలేదుగా." అద్దానికి దగ్గరగా జరిగింది. "మలుపు తిప్పిన అని ఆగిపోయింది. మన పెళ్ళి గురించే అయ్యుంటుందనుకున్నాను. తర్వాతి పేజీ ఏదో ఒక చోట ఉంటుందని పన్నెండుసార్లూ వెతుక్కుంటూ చదివాను. ఏం రాశారండీ అక్కడ?"

సూపరింటెండెంటు గారికి తన పుస్తకంలో మరేదీ గుర్తులేదు గానీ, ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ ఏడాదే నా జీవితాన్ని మలుపు తిప్పిన మొదటి ప్రమోషన్ వచ్చింది. పెళ్ళి కూడా ఆ వేసవిలోనే అయింది." అంతే. తర్వాత నేరుగా దొంగ తూనికరాళ్ళు. ఆవిడ ఆ పుస్తకంలో మళ్ళీ ఎక్కడా రాదు. అచ్చు పడనందుకు ఆయన ప్రెస్సువాడికి మనసులోనే దండం పెట్టుకున్నారు.

"నీ గురించి... ఒక అధ్యాయమంతా రాశాను," అన్నారు.

"అయితే చెప్పండి. మైకు ఎదురుగానే ఉందిగా," అంది ఆవిడ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆశ ఉంది.

ఆయన నోరు తెరిచారు. ఆవిడకి ఇష్టమైన రంగేదో, ఆవిడ వేటికి నవ్వుతుందో, తను ఆఫీసుకెళ్ళాక ఆ ఇంట్లో రోజంతా ఏం చేసేదో ఒక్కటీ తోచలేదు. కంతల్లోంచి రైలు వచ్చింది, వెళ్ళింది. ఆవిడ అద్దానికి ఆనుకుని చూస్తూనే ఉంది. చాలాసేపటికి ఆయన గొంతు సవరించుకుని పేజీ తిప్పారు.

"నేను పుట్టిననాడు ఆకాశం నిండా మబ్బులు..."

ఆవిడ మీట వదిలేసింది. గదిలోకి వెళ్ళి, కింద పడున్న పుస్తకాలు ఒక్కొక్కటే ఏరి, ఏ కంతలోది ఆ కంతలో దూర్చేసింది. బయటి రొద ఆగింది.

"మధ్యలో ఆ ఖాళీ కోసెయ్యనా సార్?" అని ఇంజనీరు అడిగితే, బస్తాల బాబు అడ్డంపడ్డాడు. "ఉండనీవయ్యా. స్టూడియో అద్దె నిమిషాల లెక్కన!"

ఆడియో పుస్తకం విడుదలయింది. సమీక్షకుడు గారు ఘనంగా రాశారు. పన్నెండు జన్మలూ ఒక ఎత్తు, పెళ్ళి ఘట్టం దగ్గర రచయిత పాటించిన ఆ నిండు మౌనం ఒక ఎత్తు అన్నారు. భార్యపై ప్రేమను మాటల్లో పెట్టలేక మూగవోయిన ఆ భర్త హృదయం తనను కన్నీరు పెట్టించిందన్నారు. సూపరింటెండెంటు గారు ఆ సమీక్షను ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. కొన్నాళ్ళకి తనకీ అదే నిజమనిపించింది. ఊళ్ళో పెద్దలు ఎదురుపడినప్పుడల్లా ఒక్క బిగిన విన్నామంటున్నారు. ఆయన భార్య మాత్రం వినలేదు. పదహారో పేజీ తర్వాత ఏముందో ఆవిడకి ఇప్పుడు తెలుసు.

ఇంతకీ, పాఠక మహాశయా, తమరు ఈ కథ చివరిదాకా వచ్చారన్నమాట. ఒక్క బిగిన చదివేశానంటారు. చాలా సంతోషం. మరి తమరి ఇంట్లో, తమకి అన్నం పెట్టే మనిషికి ఇష్టమైన రంగేదో కాస్త చెప్పండి. తొందరేం లేదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.