పుష్పలతా సంతకవిజయము

స్వస్తి! అక్షయ నామ సంవత్సర ఆషాఢ బహుళమున, క్రీస్తు లెక్కలో వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనుబదియారవ ఏట, ముసురు పట్టిన ఒకానొక సోమవారపు ఉదయమున, మిర్చిఘాటుతో ఘుమఘుమలాడుచు, తుమ్ములతో ప్రతిధ్వనించుచు, ఎర్రబస్సుల హారన్లనే మంగళవాద్యములుగా మ్రోగించుకొను మానుకోట పురవరమున, రైల్వేస్టేషనుకు కూతవేటు దూరమందలి ఒక కిరాణా దుకాణములో, గల్లాపెట్టె సాక్షిగా జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. తీరిక ఉన్నవారు వినుడు. లేనివారును వినుడు, ఎక్కువసేపు పట్టదు.

ఈ గాథకు నాయిక పుష్పలత. బీకాం పట్టభద్ర, ద్విజడాలంకృత, ప్లాస్టిక్ సంచీధారిణి. ఆ సంచిలో నొక దరఖాస్తు. విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ వాణిజ్యము చదువుటకు ముప్పది సీట్లు, ఆనాటి సాయంత్రము అయిదు గంటలకు గడువు. తండ్రి పూరింపవలసిన భాగము తప్ప తక్కినదంతయు ఆమె ముత్యాల వంటి అక్షరములతో నింపియుండెను. పది గంటల కాజీపేట ప్యాసింజరు తప్పినచో గడువు తప్పును, గడువు తప్పినచో ఏడాది పోవును.

ప్రతినాయకుడు సాక్షాత్తు కన్నతండ్రి లక్ష్మీనర్సయ్య. తులాదండపాణి, గల్లాపేటికాధిష్ఠాత, “రేపు చూద్దాం” అను ఏకైక వాగ్బాణముతో ఇరువది దినములుగా ఆ కాగితమును నిలువరించిన మహాయోధుడు. సోమవారము పొద్దున తప్పక సంతకము చేయుదునని శనివారము మాట యిచ్చినాడు. సోమవారము వచ్చినది, పొద్దున వచ్చినది, కుమార్తె వచ్చినది.

“బోణీ కాలే బిడ్డా” అనెను తండ్రి.

మొదటి బేరము కాకముందు ఆ దుకాణము నుండి పైసా గాని, అగ్గిపుల్ల గాని బయటికి పోరాదని మూడు తరముల శాసనము.

“సంతకం ఏమన్న సరుకా బాపు?”

“ఇచ్చుడు ఇచ్చుడే. బోణీకి ముందుగాల ఇచ్చినమంటే దినమంత ఇచ్చుడే ఉంటది.”

వీరపుత్రి తొణకలేదు. సంచిలోనుండి నాణెమొకటి తీసి గల్లాపై టంగున మోగించెను. “గిదో, అగ్గిపెట్టె కొంటున్న. బోణీ అయింది. పెట్టు సంతకం.”

“ఇంట్ల పైసలు ఇంట్లకే వచ్చె. అది బోణీ ఎట్లయితది?”

ఈ విధముగా ప్రథమాస్త్రము నేలగూలెను. వీధిలో చూడబోతే నరమానవుడు లేడు. గోడగడియారము తొమ్మిదిన్నర దాటించి, ఎవరి పక్షమూ వహించక టిక్కుటిక్కుమనుచుండెను.

అంతలో గొంగడి కప్పుకొని, బురదను చీల్చుకొని విచ్చేసెను సాలమ్మ. మానుకోట అంగళ్ళలో కొసరు తీసికొనక వెనుదిరిగి ఎరుగని వృద్ధవీరాంగన! పావుకిలో ఎండుమిర్చి అడిగెను. లక్ష్మీనర్సయ్య వాయువేగమున తూచెను. ధరయు కుదిరెను. పుష్పలత కలముమూత తీసి సిద్ధముగా నిలిచెను. అప్పుడు సాలమ్మ కొంగు పరచినది.

“కొసరు ఎయ్యి సేటు.”

“బోణీ కాకముందు ఉత్తగ ఏదీ ఇయ్య. ముందుగాల పైసలియ్యి.”

“ముందుగాల కొసరు ఎయ్యి. పైసలు ముట్టినంక నీ చెయ్యి ముడుసుకపోతది. నాకెరుక లేదా?”

ఆహా! కొసరు పడనిదే పైసలు రావు. పైసలు రానిదే బోణీ కాదు. బోణీ కానిదే కొసరు పడదు, సంతకమును పడదు. ఇరువురు యోధులును ఒకరినొకరు గుడ్లురిమి చూచుకొనుచుండగా, బండి వెనుక స్టేషను దాటినదని స్టేషనులో గంట కొట్టిరి. పుష్పలతకు ఏడుపు వచ్చెను. నిజముగనే వచ్చెను, కథ రక్తి కట్టుటకు చెప్పుట లేదు.

తడికన్నులతో ఆమె అటునిటు చూడగా, దుకాణపు అరుగుమీద మిషను తొక్కుచున్న ఖాసిం కనబడెను. కుట్టగా మిగిలిన గుడ్డముక్కను సైతము పిలిచి తిరిగి ఇచ్చు దర్జీ! అట్టివానిని నమ్మనివారు ఆ వీధిలో లేరు.

“ఖాసిం చిచ్చా! అవ్వ ముందుగాల పైసలిస్తది. బాపు కొసరు ఎయ్యకపోతే నువ్వు ఎయ్యాలె. పూచీ పడ్తవా?”

ఖాసిం నోటిలోని దారపుపోగు తీసివేసి పలికెను. “అరె, గదెంత బిడ్డా! సేటు ఎయ్యకుంటే మా ఇంట్ల మిరపకాయలు నేను తెచ్చిస్త అవ్వా. జబాన్ ఇస్తున్న.”

“నువ్వంటే సరే తియ్యి” అని సాలమ్మ రొండిన దోపిన పైసల చిక్కము విప్పెను. పైసలు గల్లాలో పడెను. బోణీ! లక్ష్మీనర్సయ్య గల్లాకు మ్రొక్కి, పిడికెడు మిర్చి కొసరు వేసెను. సాక్షులు చూచుచుండుటచేత పిడికిలి నిండుగనే ఉండెను.

అంతట పుష్పలత అరుగుమీద నిలిచి, జడ వెనుకకు విసరి, సింహగర్జన చేసెను.

“బాపూ! నేను చదువుతనన్నది గిదే! మన మిర్చి సముద్రం అవతల లంకల ఉన్న సేటు కొనాలె. నీ మొకం ఆయన సూడలే, ఆయన మొకం నువ్వు సూడలే. ముందుగాల సరుకు పంపుమంటడు ఆయన. ముందుగాల పైసలు పంపుమంటవు నువ్వు. నడుమ బ్యాంకు నిలవడి పూచీ పడ్తది, మన ఖాసిం చిచ్చ లెక్క. గా పూచీ కాయిదాలు ఎరిగినోళ్ళు బ్యాంకులల్ల కావాలె, ఓడరేవులల్ల కావాలె, ఎగుమతి కంపెనీలల్ల కావాలె. గా కొలువు నాకు కావాలె!”

తండ్రి కలము అందుకొనెను, కాగితముపై పెట్టబోయెను, ఆగెను.

“గిదంత నీకు వచ్చే కద బిడ్డా. వచ్చినదాన్నే నేర్చుకునెటందుకు రెండేండ్లెందుకు?”

అని కలముమూత బిగించెను. అయ్యో, గెలిచిన యుద్ధమే నాయికను పడగొట్టె!

అప్పుడు సాలమ్మ కొంగులోని మిర్చిని, కొసరుతో సహా, త్రాసులో కుమ్మరించెను.

“గట్లయితే నా పైసలు నాకియ్యి సేటు. మిరపకాయలు వద్దు.”

“ఏందిది సాలమ్మా?”

“పిల్ల గప్పటి సంది నిలవడ్డది. గీత గియ్యనీకి చెయ్యి రాదు నీకు. గసోంటి దుకాణంల బోణీ నేను చెయ్య.”

బోణీ వాపసు! మూడు తరములలో కనివిని ఎరుగని ఘోరము! లక్ష్మీనర్సయ్య ముఖమున నెత్తురుచుక్క లేదు. “ఆగు సాలమ్మా, జర ఆగు!” అని దరఖాస్తు లాగుకొని, గల్లాపెట్టెపై పరచి, బరబర సంతకము చేసెను. ఆపై ఇంకేదియో కూడ వ్రాసి, ఎవరికిని చూపక, మడిచి కుమార్తె చేత పెట్టెను. “ఉరుకు! బండి వచ్చె.”

ఆమె ఉరికెను. చెప్పు తెగెను, రెండవదానిని కూడ వదలి ఉరికెను. కదలుచున్న ప్యాసింజరు చివరిపెట్టె నెక్కి, ఊపిరి తీసికొని కాగితము విప్పెను. తండ్రి వృత్తి అను గడిలో, గొలుసుకట్టు రాతతో నిట్లుండెను: “కిరాణా, మిర్చి వ్యాపారం. ప్రస్తుతానికి దేశంలోనే.”

పుష్పలత నవ్వెను, ఏడ్చెను, ఎదుటి సీటువారు వింతగా చూచుచున్నను ఆ గడిని మరల మరల చదివెను. పావుకిలో మిర్చికి, పిడికెడు కొసరుకు ఇట్లు ఒక సంతకము జయింపబడెను. జయము! జయము!