శాంపిల్‌కు కూర్చున్న పిల్ల

“మా వంశంల ధ్యాస నిలవనోళ్లు ఇప్పటిదాంక పుట్టలే, ఇగ ముందు గూడ పుట్టరు!”

తాండూరు కందుల వ్యాపారి సూర్యప్రకాశ్ ఈ ప్రకటన వంటింట్లో నిలబడి చేశాడు. ఆ ఊపులో, పొయ్యి మీద తానే పెట్టిన చాయ్ సంగతి మరిచిపోయాడు. అది కాస్తా పొంగిపోయింది.

నాలుగో తరగతి చదివే కూతురు అనూషకు బడిలో కుదురు లేదు. రాస్తూ రాస్తూ లేచిపోతుంది, చెప్పింది సగమే వింటుంది. టీచరమ్మ ఆమెను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టింది. అప్పటి నుంచి బడి అంటేనే పిల్ల ఏడుస్తోంది. ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉందేమో, వికారాబాద్‌లో డాక్టర్‌కు చూపించి పరీక్ష చేయించమన్నారు బడివాళ్లు. చూపించాల్సిందేనని తల్లి అంజలి పట్టుబట్టింది.

సూర్యప్రకాశ్‌కు ఒక్కటే అర్థమైంది. పరీక్ష అన్నాక పాస్ కావాలి! పాస్ కావాలంటే కోచింగ్ ఉండాలి! రోజూ సాయంత్రం దుకాణంలో కూతుర్ని కూర్చోబెట్టి, “కదిలినవో, ఐస్‌క్రీమ్ బంద్!” అంటూ తర్ఫీదు ఇచ్చాడు. ఇరుగుపొరుగుకు మాత్రం అనంతగిరి గుట్ట మీది దేవుడి దర్శనానికని చెప్పి బయల్దేరాడు. గుట్ట కూడా అటే ఉంది కాబట్టి, అది పూర్తి అబద్ధం కాదని అతని వాదన.

తలకు వైర్లు పెడతారనీ, రక్తం తీస్తారనీ అనుకున్నాడు. వికారాబాద్ ఆస్పత్రిలో డాక్టర్ మల్లీశ్వరి అవేవీ చేయలేదు. అన్నీ ప్రశ్నలే!

“హోంవర్క్ మధ్యల లేస్తదా?”

“ఎక్కడ లేస్తది మేడం! బొమ్మలెక్క కూసుంటది.”

“వస్తువులు పోగొట్టుకుంటదా?”

“అబ్బే! పెన్సిల్ ముక్క గూడ పోదు.”

అంజలి తల వంచుకుంది. ఆ పొద్దున్నే పిల్లకు ఇంకో వాటర్ బాటిల్ కొన్నది ఆమే. అనూష మాత్రం చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. సూర్యప్రకాశ్ గర్వంతో ఉబ్బిపోయాడు.

“ఇంత కదలకుండ ఎట్ల కూసున్నవ్ పాపా?” అంది డాక్టరమ్మ.

“డాడీ నేర్పిండు ఆంటీ. అమ్మెటోళ్లు శాంపిల్‌కు బస్తా మూతి కాడ మంచి కందులు పెడతరు గద, గట్ల. డాడీ అయితే గొట్టం గుచ్చి అడుగువి తీసి చూస్తడు. మీరు మాత్రం పైన ఉన్నయే చూడాల్నంట.”

సూర్యప్రకాశ్ గట్టిగా దగ్గాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. “మీరు చెప్పిందే నిజమైతే ఏ ఇబ్బందీ లేదని రాసిస్త. ఉందని తేలితేనే బడోళ్లను ముందు బెంచీ అడగొచ్చు, విడిగా చెప్పమనొచ్చు, పరీక్షల్ల కొంచెం ఎక్కువ టైం గూడ అడగొచ్చు.”

ముందు బెంచీ మాట సూర్యప్రకాశ్ చెవిన పడలేదు. చివరి మాట పడింది.

“ఎక్కువ టైమా? ఎక్కువ టైమంటే ఎక్కువ మార్కులే గద మేడం!” అంటూ కుర్చీలోంచి లేచాడు. “ఇంతకుముందు చెప్పినయన్నీ కొట్టెయ్యుండ్రి! గీ పిల్ల ఒక్క నిమిషం కూసుంటదా? మస్తు పరేషాన్ జేస్తది! నేను గూడ చిన్నప్పుడు గింతే. మా నాయిన గింతే. మా వంశంల అందరం గింతే!”

అంజలి నోరు తెరిచి భర్తను చూసింది.

అనూష ఇంకా చేతులు కట్టుకునే ఉంది. బిక్కమొహం వేసింది.

“డాడీ, ఇప్పుడు కూసోవాల్నా, ఎగరాల్నా? ఏది జేస్తే మళ్ల వెనక బెంచీ ఉండదు?”