చెప్పులు కుట్టని చెప్పుల దుకాణం

చెప్పులు అమ్ముకోవాలంటే చెప్పులు కుట్టాలనే మూఢనమ్మకంలో ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇలా వచ్చి కాసేపు నా దగ్గర కూర్చోండి. మా కొల్హాపూర్‌లో ఆ చాదస్తం ఎప్పుడో వదిలించుకున్నాం. కొయ్యక్కర్లేదు, కుట్టక్కర్లేదు, అల్లక్కర్లేదు. ఫోన్‌లో ఎవరైనా "చెప్పులు" అని ఒక్క మాట కొట్టి వెతికితే, అందరికంటే ముందు మన దుకాణం కనబడాలి. అంతే! మోక్షం!

అంతకుముందు మాది ఎంత దిక్కుమాలిన బతుకో చెప్పనా? మా అబ్బాయి సర్జేరావ్ తోలు కోసి కుట్టేవాడు. కోడలు మంగల్, నేను పట్టీల మీద తోలు జడలు అల్లేవాళ్ళం. ముందుగదే దుకాణం. ఆ గదిలోకి వచ్చే పాదాల మీదే మా పొయ్యి వెలిగేది. ఫోన్‌లో మా గురించి మంగల్ ఒకే ఒక్క వాక్యం రాసి పెట్టింది: "వెడల్పు పాదాలకు కొలిచి కుట్టే, నడిస్తే కిర్రుమనే పాతరకం కొల్హాపురి చెప్పులు."

అంత పొడుగు మాట వెతికేది ఎవరు? నిజంగా పాదం వెడల్పుగా ఉన్నవాడు, నిజంగా కిర్రుమనే చెప్పు కావలసినవాడు. అలాంటివాళ్ళకి అందరికంటే ముందు మేమే కనబడేవాళ్ళం. ఏం లాభం? వాళ్ళు నేరుగా వచ్చేసేవారు! తోలు మీద కాలు పెట్టి చుట్టూ గీత గీయించుకునేవారు. చాయ్ తాగేవారు. పైగా కొనేవారు! కొన్నాక ఊరుకోక బావమరిదిని కూడా తోలుకొచ్చేవారు! ఆ బాధ పగవాడికైనా వద్దు.

నిపాణీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "ఇంకాస్త గట్టిగా కిర్రుమనాలి తమ్ముడూ. నేను వీధి మలుపు తిరగ్గానే ఇంట్లో కోడళ్ళు పోట్లాట ఆపెయ్యాలి" అన్నాడు. సర్జేరావ్ అడుగుపొరల మధ్య కిర్రుమనిపించే గింజ ఇంకోటి పెట్టి కుట్టాడు. ఆయన గుమ్మం దాకా కిర్రు కిర్రుమని నడిచి, కొత్త పెళ్ళికొడుకులా వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. ఇలాంటి మనుషులతో వేగేవాళ్ళం!

అప్పుడొచ్చాడు ఓంకార్. ఫోన్‌లో ఎవరి దుకాణం ముందు, ఎవరిది వెనక అని తేల్చే విద్య పుణేలో చదివినవాడు. మంగల్ వాక్యం చూసి పొట్ట పట్టుకుని నవ్వి, మా అబ్బాయితో అన్నాడు.

"కాకా, ఇంత పొడుగు ఎవడు వెతుకుతాడు? ఏ నలుగురో! 'చెప్పులు' అని దేశమంతా వెతుకుతుంది. సముద్రాన్ని వదిలేసి చెంబులో ఈదుతున్నారు మీరు."

"ఆ సముద్రంలో పెద్ద పెద్ద కంపెనీలున్నాయి కదా బాబూ" అంది మంగల్.

"అందుకే కాకూ, ఆ మాట మీ దగ్గర ప్రతిచోటా ఉండాలి. బోర్డు మీద, ఫొటో కింద, మీ రాతలో. ఆ పొడుగు వాక్యం ముందు తీసెయ్యండి. అసలు మాట బలం తగ్గించేస్తోంది."

వాక్యం పోయింది. మా మామగారి పేరున్న బోర్డు దిగి, "చెప్పులు" అని కొత్త బోర్డు ఎక్కింది. తోలు అల్లే కోడలు మాటలు అల్లడం మొదలుపెట్టింది. "చెప్పులు అంటే ఏమిటి? చెప్పులు కాళ్ళకే ఎందుకు వేసుకోవాలి? వేసుకున్న చెప్పులు విప్పవచ్చునా?" ఎంత జ్ఞానం! ఇంతకాలం చెప్పుల మధ్య బతికానే, విప్పవచ్చునా అని ఒక్కనాడైనా ఆలోచించానా?

వీధిలోవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? ఈ చివర నుంచి ఆ చివరకి బోర్డులన్నీ "చెప్పులు" అయి కూర్చున్నాయి. పోస్ట్‌మన్‌కి సుఖమే సుఖం, ఉత్తరం ఎవరింట్లో పడేసినా తప్పు లేదు! పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు "చెప్పులవాళ్ళిల్లు" అని అడిగి, ఇంటింటా అటుకుల ఉప్మా తిని, చివరికి ఎవరి పిల్లనో ఖాయం చేసుకుని వెళ్ళారు.

ఎదురింటి అక్కాతాయి ఒక్కతే బోర్డు మార్చలేదు. నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయట. పైగా మంగల్ చెరిపేసిన వాక్యాన్ని, "పారేసేదేగా, నాకిచ్చెయ్యవే" అని అడిగి తన ఫోన్‌లో పెట్టించుకుంది. తెలివి తక్కువ మనిషి!

మేం ఫోన్‌లో పేజీ తర్వాత పేజీ ఎగబాకాం. పేజీ మారినప్పుడల్లా ఇంట్లో మటన్ రస్సా. చివరికి మా ఊరి తల్లి అంబాబాయి దయ వల్ల మొదటి పేజీలోకి వచ్చేశాం. ఇక చూడండి ఫోన్లు!

"గుడి దగ్గర నా చెప్పులు పోయాయి, మీ దగ్గరికేమైనా వచ్చాయా?"

"కలలో ఒక్క చెప్పే కనబడితే శుభమా, అశుభమా?"

"స్నానాలగదిలోకి రబ్బరువి ఉన్నాయా?"

"మా ఆయనకి దెబ్బ తగలాలి, మచ్చ పడకూడదు. ఏ రకం మంచిదంటారు?"

సర్జేరావ్ అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఒక్కరూ కొనలేదు. కొలత లేదు, చాయ్ ఖర్చు లేదు, చేతికి తోలు వాసన లేదు. ఎంత శుభ్రమైన వ్యాపారం!

"చూడు ఆజీ, ఈ వారం ఎంతమంది వచ్చారో!" అని ఓంకార్ ఫోన్‌లో పైకి లేచిన గీత నాకు చూపించాడు.

"వచ్చారా? ఎక్కడ కూర్చున్నారు నాయనా?" అన్నాను.

చదువుకున్నవాళ్ళ మధ్య అలాంటివి అడగకూడదట.

తోలు తెచ్చే మనిషి మా గుమ్మం ఎక్కడం మానేశాడు. అల్లిక పీట మీద ఇప్పుడు ఛార్జర్లు కాపురం చేస్తున్నాయి. పొయ్యి మాట అడక్కండి, మొదటి పేజీలో ఉన్నవాళ్ళకి ఆకలేమిటి! చేతులు ఊరుకోక నేను మాత్రం పగలంతా ఎదురింట్లో కూర్చుని అక్కాతాయికి జడలు అల్లి పెడుతున్నాను. సాయంత్రం ఆవిడ కొంగులో వేసేదానితోనే మా ఇంట్లో రొట్టెలు.

మొన్న మంగల్ కూడా తోలు కుట్టే ఆరె చేత పట్టుకుని ఆవిడ పెరటి వాకిట్లోంచి వచ్చింది.

"అత్తా, కాస్త అటు జరుగు."

"రాత అయిపోయిందా?"

"'చెప్పులు, మానవ జీవితం' సగంలో ఉంది. ఆయన అడిగితే బజారుకెళ్ళానని చెప్పు."

"అడగడులేవే! ఫోన్‌లోంచి తలెత్తితే కదా!"

ఆ పూట సాంగ్లీ నుంచి ఒకాయన వచ్చాడు. చేటలంత పాదాలు. అక్కాతాయి పరిచిన తోలు మీద కాలు పెట్టి, గీత గీస్తున్న నాకు మా ఇంటివైపు చూపించాడు.

"అవ్వా, ఎదురుగా ఏదో పెద్ద దుకాణంలా ఉందే. తలుపు వేసుంది. లోపల ఎవరూ ఉండరా?"

"ఎందుకుండరు నాయనా? చెప్పుల గురించి రాసుకుంటూ ఉంటారు. నువ్వు కాలు కదపకు."